దూరాన్ని మోసినవాళ్ళు

అడ్డదారిన పోయి ఊరికి గంట ముందే చేరుకుంటే ఆ గంట మనకు కలిసొచ్చిందనుకుంటాం. ఆ దారి ఎవరి చేలోంచి పోయిందో, తుప్పలు కొట్టిందెవరో, వాగు మీద తాటిపట్టె వేసిందెవరో తలుచుకోం. దూరం ఎక్కడికీ పోదు. మనకు తగ్గినంతా ఇంకెవరో మన బదులు ముందే నడిచి ఉంటారు. పనామా నగరాన్నీ, దాని పక్కనున్న కాలువనూ చూసి వచ్చినప్పటి నుంచి ఈ ఆలోచన నన్ను వదలడం లేదు.

ఒకప్పుడు న్యూయార్కు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఓడలో పోవాలంటే దక్షిణ అమెరికా కొస దాకా దిగి, కేప్ హార్న్ దగ్గర తుపానులకు ఎదురీది, మళ్ళీ అంత దూరమూ పైకి రావాలి. 1914 ఆగస్టు 15న పనామా కాలువ తెరిచాక ఆ ప్రయాణంలో 12 వేల కిలోమీటర్లకు పైగా తగ్గిపోయింది. కాలువ పొడవు మాత్రం 80 కిలోమీటర్ల పైచిలుకే. పొద్దున ఒక మహాసముద్రంలో ఉన్న ఓడ సాయంత్రానికి రెండో మహాసముద్రంలో ఉంటుంది. తగ్గిన ఆ వేల కిలోమీటర్లను ఎవరు మోశారన్నదే నా ప్రశ్న.

పనామా నగరంలో సూర్యుడు పసిఫిక్ మహాసముద్రంలోంచి లేస్తాడు. ఆ సముద్రం అమెరికాలకు పడమట ఉంటుందని బళ్ళో చదువుకున్నవాళ్ళకు కళ్ళారా చూస్తున్నా నమ్మకం కుదరదు. రెండు ఖండాలను కలిపే ఆ సన్నటి నేల తిన్నగా కాక మెలిక తిరిగి ఉంటుంది. అందుకే అట్లాంటిక్ నుంచి పసిఫిక్‌కు వచ్చే ఓడ పడమరకు పోదు, ఆగ్నేయానికి పోతుంది. తెల్లవారుతూ ఉండగా సింతా కోస్తేరా అనే సముద్రపు ఒడ్డు రోడ్డు మీద నడుస్తుంటే ఒకవైపు ఆకాశానికి ఎగబాకిన అద్దాల మేడలు, ఇంకోవైపు కాస్కో వియెహో అనే పాత పేటలో చర్చి గోపురాలు కనిపిస్తాయి. ఎదురుగా నీళ్ళ మీద, వంతు కోసం లంగరేసుకున్న ఓడలు. పోటు మీద గట్టును తాకే నీళ్ళు ఆటు వచ్చేసరికి అయిదారు మీటర్లు దిగిపోయి బురదనేల బయటపడుతుంది. పెలికాన్ పక్షులు అక్కడ బారులు తీరతాయి. చేపల మార్కెట్టు ముందు దుకాణాల్లో సెవిచే అమ్ముతారు. పచ్చి చేపముక్కలను నిమ్మరసంలో, ఉల్లిపాయతో ఊరవేసి కప్పుల్లో ఇచ్చే తినుబండారం అది. ఇచ్చిన నోటు అమెరికా డాలరు, తిరిగి వచ్చిన చిల్లరలో కొన్ని పనామా బాల్బోవాలు.

ఈ ఊరు పుట్టిందే దాటిపోయేవాళ్ళ కోసం. 1519లో స్పెయిన్‌వాళ్ళు ఇక్కడ పట్నం కట్టారు. పెరూ గనుల వెండి ఓడల్లో ఇక్కడికొచ్చి, కంచరగాడిదల మీద అడవి దాటి, అవతలి సముద్రం నుంచి స్పెయిన్ చేరేది. ఆ వెండి వాసనకే 1671లో హెన్రీ మోర్గన్ దొంగల దండుతో వచ్చి పడ్డాడు. ఊరు కాలి బూడిదైంది. మొండిగోడలు, పాత చర్చి గంటల గోపురం ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. రెండేళ్ళకు కొంత దూరంలో కొత్తగా కట్టుకున్నదే నేటి కాస్కో వియెహో. తరువాత కాలిఫోర్నియా బంగారం కోసం ఎగబడిన జనమూ ఈ దారే పట్టారు. వాళ్ళ కోసం వేసిన రైలుమార్గం 1855లో రెండు సముద్రాలనూ కలిపింది. వెండీ బంగారమూ మనుషులూ అన్నీ ఈ నేల మీదుగా నడిచాయి. ఇక్కడ ఆగినవి తక్కువ.

మా మేనల్లుడు సరుకు ఓడలో సెకండ్ ఆఫీసరు. విశాఖలో పెరిగినవాడు. పనామా వెళ్తున్నానని చెబితే ఫోనులో వాడన్న మాట నాకు బాగా గుర్తుంది. "చాలాసార్లు దాటాను మావయ్యా, కానీ నేల మీద కాలు పెట్టలేదు. ఓడ ఆగితే కదా దిగడానికి! ఆ ఊరెలా ఉంటుందో నువ్వే చూసి చెప్పు." ప్రపంచంలో ఎంతోమంది నావికులది ఇదే మాట అయి ఉంటుంది. వాడికోసమైనా ఊరును, కాలువను, వాటి చరిత్రను కాస్త నిదానంగా చూడాలనుకున్నాను.

నగరం నుంచి మిరాఫ్లోరెస్ లాకులకు ఎంతో దూరం లేదు. గోదావరి జిల్లాలో పుట్టినవాణ్ణి కనుక లాకులు నాకు కొత్త కాదు. ధవళేశ్వరం లాకుల దగ్గర నీటిమట్టం మార్చి పడవను కాలువలోకి దింపడం చిన్నప్పుడు పెద్దలు చెబితే విన్నాను. ఇక్కడి పనితనమూ అదే, కొలతలే వేరు. పాత లాకుల్లో ఒక్కో తొట్టి 305 మీటర్ల పొడవు, 33.5 మీటర్ల వెడల్పు. ఎన్నో ఓడలను ఆ తొట్టి కొలతకే కట్టారు. ఇరుపక్కలా మిగిలేది రెండడుగుల జాగా. అంత ఇరుకులోకి వేల టన్నుల ఇనుము మెల్లగా జొరబడుతుంటే చూసేవాళ్ళ ఊపిరి బిగుసుకుంటుంది.

నేను చూసినది ముదురు ఎరుపు రంగు సరుకు ఓడ. ముందుగా ఒక చిన్న తెడ్డు పడవలో ఇద్దరు మనుషులు దాని ముక్కు కిందికి వచ్చారు. అంత యంత్రాంగం మధ్యలో తెడ్లేసుకుంటూ వచ్చిన ఆ ఇద్దరూ ఓడ మీదికి తాడు అందించారు. ఆ తాడు వెంట ఉక్కు మోకులు వెళ్ళాయి. వాటి కొసలు ఇరుపక్కల పట్టాల మీదున్న రైలింజన్లకు కట్టి ఉంటాయి. వీటిని ములాస్ అంటారు, కంచరగాడిదలని. ఓడ తన ఇంజనుతోనే కదులుతుంది. గోడలకు రాసుకోకుండా దాన్ని నడిమధ్యలో నిలిపి ఉంచడమే ఇంజన్ల పని. వెనక తలుపులు మూసుకున్నాయి. ఎక్కడా పంపు చప్పుడు లేదు. పైనున్న నీళ్ళు నేల కింది సొరంగాల్లోంచి తమంతట తాము వచ్చి తొట్టిలో ఊరుతున్నాయి. పది నిమిషాలైనా కాకముందే, ఇంతకు ముందు మా కంటికి దిగువనున్న డెక్కు మా తలల పైకి లేచింది. రెయిలింగు దగ్గర నిలబడ్డ నావికుడొకడు చెయ్యి ఊపాడు. పిల్లలంతా కేరింతలు కొట్టారు. లాకుల తలుపులు ఒక్కొక్కటీ వందల టన్నులు. లోపల బోలుగా ఉండి నీళ్ళలో సగం తేలుతుంటాయి కనుక కొద్దిపాటి బలానికే తెరుచుకుంటాయి. వందేళ్ళు దాటినా ఆ ఏర్పాటే పనిచేస్తోంది. దాన్ని ఆలోచించిన బుర్రలకు నేను మనసారా దండం పెట్టుకున్నాను.

పనామా కాలువ కొండను తవ్వి రెండు సముద్రాలను కలిపిన కందకమని చాలామంది అనుకుంటారు. నిజానికి అది నీళ్ళ వంతెన. ఓడ ఒక సముద్రం నుంచి మూడు మెట్లెక్కి, 26 మీటర్ల ఎత్తున ఉన్న గాతూన్ చెరువు మీదుగా నడిచి, అవతల మూడు మెట్లు దిగుతుంది. ఆ చెరువు చాగ్రెస్ నదికి ఆనకట్ట కట్టడంతో ఏర్పడింది. అది నిండేది వానలతో. ఒక్కో ఓడ దాటిన ప్రతిసారీ సుమారు 20 కోట్ల లీటర్ల మంచినీళ్ళు సముద్రంలో కలుస్తాయి. 2016లో తెరిచిన కొత్త పెద్ద లాకుల్లో 60 శాతం నీటిని మళ్ళీ వాడుకునే తొట్లు కట్టారు గాని, ఖర్చయ్యే నీరు ఖర్చవుతూనే ఉంది. పనామాలో సగానికి పైగా జనం తాగేదీ ఇదే పరీవాహకపు నీళ్ళు. అంటే దూరాన్ని మోస్తున్నవాళ్ళలో మొదటి పేరు వానది. వానను పట్టి ఉంచే చుట్టుపక్కల అడవిది.

ఆ సంగతి 2023లో లోకానికంతటికీ తెలిసొచ్చింది. ఎల్ నినో వచ్చి వానలు ముఖం చాటేశాయి. రోజుకు 36 దాకా దాటే ఓడలను డిసెంబరుకల్లా 22కు తగ్గించాల్సి వచ్చింది. ఓడలు వారాల తరబడి సముద్రంలో కాచుకున్నాయి. వంతు కోసం వేలం పెడితే ఒక ఓడకు దాదాపు 40 లక్షల డాలర్లు ధర పలికింది. అన్ని వేల కోట్ల వ్యాపారం చివరికి ఒక చెరువు మట్టం దగ్గర ఆగింది. వాన కోసం ఆకాశం వంక చూసే రైతుకూ, కంటెయినర్ల కంపెనీకీ ఆ ఏడాది ఒకటే దిగులు.

వాన తరువాత వరసలో వచ్చేది మనుషులు. ఆ కథలోకి మన సికింద్రాబాదు కూడా వస్తుంది. సూయజ్ కాలువ తవ్వించి పేరు తెచ్చుకున్న ఫెర్డినాండ్ ది లెసెప్స్ 1880లలో ఫ్రెంచి కంపెనీతో ఇక్కడికొచ్చాడు. సూయజ్‌లో ఉన్నది ఇసుక. ఇక్కడున్నది కొండ, బురద, వాన. అన్నిటికీ మించి మలేరియా, ఎల్లో ఫీవర్. 1889లో కంపెనీ దివాలా తీసేనాటికి సుమారు 22 వేల మంది చనిపోయారని అంచనా. జబ్బు దోమ వల్ల వస్తుందని అప్పటికి వైద్యలోకం నమ్మలేదు. ఆస్పత్రిలో రోగులకు చీమలు పట్టకుండా మంచాల కోళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టేవారు. ఆ నీళ్ళలోనే దోమలు గుడ్లు పెట్టేవి. జబ్బు నయం చేసుకోవడానికి వచ్చిన మనిషికి ఇంకో జబ్బు అక్కడే అంటేది.

1897 ఆగస్టు 20న సికింద్రాబాదు బేగంపేటలో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమి జాడ కనిపెట్టాడు. ఆ దోమలతో కుట్టించుకున్న రోగి పేరు హుసేన్ ఖాన్. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున అతనికి కూలి ముట్టింది. ఎల్లో ఫీవరూ దోమతోనే వస్తుందని క్యూబా వైద్యుడు కార్లోస్ ఫిన్లే 1881లోనే చెప్పగా, వాల్టర్ రీడ్ బృందం 1900లో రుజువు చేసింది. 1904లో కాలువ పని అమెరికా చేతికొచ్చాక డాక్టర్ విలియం గోర్గస్ ఈ తెలివినంతా పట్టుకుని రంగంలోకి దిగాడు. నిలవనీటి మీద నూనె చల్లించాడు, కిటికీలకు జాలీలు కొట్టించాడు, ఇల్లిల్లూ పొగ పెట్టించాడు. రాస్ కూడా ఆ ఏడాదే పనామా వచ్చి చూసి వెళ్ళాడు. రెండు మూడేళ్ళలో ఎల్లో ఫీవర్ పనామా నగరం వదిలిపోయింది. బేగంపేటలో రాస్ పనిచేసిన భవనం ఇంకా ఉంది. అటు వెళ్ళినప్పుడు రాస్‌తో పాటు హుసేన్ ఖాన్‌నూ తలుచుకోవాలి. కాలువ దాకా పోయిన ఆ దారిలో మొదటి అడుగుల్లో అతని అడుగూ ఉంది.

దోమ బెడద తగ్గినా చావులు ఆగలేదు. కాలువ తవ్వినవాళ్ళలో ఎక్కువమంది కరీబియన్ దీవుల నల్లజాతివాళ్ళు. ఒక్క బార్బడోస్ నుంచే 20 వేల మంది దాకా వచ్చారంటారు. వాళ్ళ జ్ఞాపకాలను దాచిన చిన్న మ్యూజియం నగరంలో కలిదోనియా పేటలో, ఒక పాత చెక్క చర్చిలో ఉంది. అద్దాల మేడల నీడలో ఆ కట్టడం కనిపించీ కనిపించనట్టు ఉంటుంది. లోపల అప్పటి మంచాలు, వంటపాత్రలు, ఫోటోలు. ఫోటోల్లో కులేబ్రా కొండ కోత, 13 కిలోమీటర్ల పొడవున. రాళ్ళ గుట్టల మీద డైనమైట్ పెట్టెలు నెత్తిన పెట్టుకుని వరసగా నడుస్తున్న మనుషులు. 1908 డిసెంబరులో బాస్ ఒబిస్పో దగ్గర 20 టన్నులకు మించిన డైనమైట్ వేళ కాని వేళ పేలి 23 మంది పోయారు. అదే కోతలో తవ్విన మన్ను మళ్ళీ మళ్ళీ జారిపడి, నెలల కష్టాన్ని ఒక్క రాత్రిలో పూడ్చేసేది.

జీతాల పట్టీలు రెండుండేవి. అమెరికా తెల్లవాళ్ళకు గోల్డ్ రోల్, మిగతా వాళ్ళకు సిల్వర్ రోల్. ఒకరికి బంగారు నాణేల్లో, ఒకరికి వెండి నాణేల్లో. ఆ విభజన జీతం దగ్గర ఆగలేదు. దుకాణాలు, పోస్టాఫీసులు, మంచినీళ్ళ కుళాయిలు, ఆస్పత్రి వార్డులు, అన్నీ రెండేసి. దోమ జాలీల ఇళ్ళు తెల్లవాళ్ళకు దక్కినట్టు మిగతావాళ్ళకు దక్కలేదు. అమెరికా హయాంలో నమోదైన చావులు 5,609. అందులో సుమారు 4,500 మంది ఈ కరీబియన్ కూలీలే. 1963లో ఒక చరిత్ర సంఘం అప్పటికి బతికున్న కూలీలను మీ అనుభవాలు రాయండని అడిగితే వందకు పైగా ఉత్తరాలు వచ్చాయి. రోజంతా వానలో తడిసిన బట్టలు రాత్రికి ఆరక, తెల్లారి ఆ తడిబట్టలనే తొడుక్కుని పనికి పోయిన సంగతి వాటిలో కనిపిస్తుంది. నాకు కాలువ గురించి తెలిసిన లెక్కలన్నిటికంటే ఆ తడిబట్టల సంగతే ఎక్కువ బరువుగా అనిపించింది. కాలువ పూర్తయ్యాక ఇక్కడే ఉండిపోయినవాళ్ళ పిల్లలకు 1941 రాజ్యాంగం పౌరసత్వమే కాదంది. కొన్నేళ్ళకు అది మారింది గాని, తండ్రులు తవ్విన దేశంలో పిల్లలు పరాయివాళ్ళైన ఆ కొన్నేళ్ళను చరిత్రలోంచి తీసెయ్యలేం.

దేశం కూడా తన వంతు మోసింది. 1903 నవంబరులో కొలంబియా నుంచి విడిపోయిన పనామా పేరిట కొద్దిరోజుల్లోనే అమెరికాతో ఒప్పందం మీద సంతకం చేసినవాడు ఒక ఫ్రెంచి ఇంజనీరు. కాలువకు ఇరువైపులా కలిపి 16 కిలోమీటర్ల వెడల్పు నేల అమెరికా ఏలుబడిలోకి పోయింది, శాశ్వతంగా. నగరం నడిబొడ్డునున్న అంకోన్ కొండ కూడా కంచె అవతల పడింది. 1964 జనవరి 9న తమ జెండా ఎగరెయ్యాలని కాలువ ప్రాంతంలోకి వెళ్ళిన పనామా విద్యార్థులతో మొదలైన గొడవలో 20 మందికి పైగా పనామావాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ రోజును ఇప్పటికీ అమరవీరుల దినంగా పాటిస్తారు. 1977లో పనామా పాలకుడు తోరిహోస్, అమెరికా అధ్యక్షుడు కార్టర్ మధ్య కాలువను తిరిగి ఇచ్చే ఒప్పందం కుదిరింది. 1999 డిసెంబరు 31 మధ్యాహ్నం కాలువ పనామా చేతికొచ్చింది. అంకోన్ కొండ ఎక్కితే పైన బాస్కెట్‌బాల్ కోర్టంత పనామా జెండా ఎగురుతుంటుంది. దాని కింద ఒక కుటుంబం పిల్లలను నిలబెట్టి ఫోటో తీసుకుంటోంది. ఆ తల్లి ముఖంలో కనిపించిన తృప్తి నాకు అర్థమైంది. తమ ఇంటి మీదుగా పోయే దారికి తామే యజమానులు కావడానికి వాళ్ళకు దాదాపు వందేళ్ళు పట్టింది. ఇప్పుడు ఏటా 200 కోట్ల డాలర్లకు పైగా కాలువ నుంచి దేశ ఖజానాకు చేరుతోంది.

ఇంకొకరి సంగతి చెప్పకపోతే ఈ లెక్క పూర్తి కాదు. గాతూన్ చెరువు నిండినప్పుడు చాగ్రెస్ లోయలో గోర్గోనా లాంటి ఊళ్ళు మునిగిపోయాయి. 1912లో కాలువ ప్రాంతాన్ని ఖాళీ చేయించాలని ఉత్తర్వులు వచ్చి వేలాది మంది ఇళ్ళు వదిలారు. అరటి తోటలూ, సంతలూ, చర్చిలూ ఉన్న ఊళ్ళవి. ఓడ ఇప్పుడు వాటి మీదుగానే పోతుంది. చెరువులో అక్కడక్కడా మునిగిన చెట్ల మోళ్ళు ఈనాటికీ కనిపిస్తాయి. లాంచీలో పోతూ వాటిని చూస్తుంటే నాకు పాపికొండల లాంచీ ప్రయాణం, దేవీపట్నం గుర్తొచ్చాయి. పోలవరం కింద లక్షకు పైగా కుటుంబాలు ఊళ్ళు వదలాల్సి వచ్చిందన్నప్పుడు, నీళ్ళు రావడమంటే ఏమిటో గోదావరి వాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు.

ఇది గడిచిపోయిన కథ కూడా కాదు. కరువు తరువాత కాలువకు ఇంకో చెరువు కావాలన్నారు. పడమటనున్న ఇందియో నది మీద ఆనకట్ట కట్టి, ఆ నీళ్ళను గాతూన్‌కు మళ్ళించాలన్నది ఆలోచన. కడితే రైతు కుటుంబాలకు చెందిన సుమారు రెండు వేల మంది కదలాలి. తాతలనాటి నేల వదలమని వాళ్ళలో చాలామంది ఎదురు తిరుగుతున్నారు. అటు చూస్తే నగరానికి తాగునీరు, దేశానికి ఆదాయం, లోకానికి సరుకు. ఇటు చూస్తే కాఫీ, కర్రపెండలం పండించుకునే కొండవాలు ఊళ్ళు. రెండు పక్షాలదీ నిజమైన అవసరమే. అందుకే ఇది కష్టమైన ప్రశ్న.

కాలువ ఉండకూడదని నేననను. ఆ దారిన ధాన్యమూ మందులూ కూడా పోతాయి. మా మేనల్లుడి లాంటి వాళ్ళ బతుకుతెరువూ పోతుంది. దగ్గరి దారులు మనిషికి కావాలి, ఇంకా వేస్తాడు. కాకపోతే ప్రతి దగ్గరి దారికీ దూరాన్ని మోసేవాళ్ళు ఉంటారని ముందే ఒప్పుకోవాలి. వందేళ్ళ కిందట వాళ్ళను అడగలేదు. కూలీకి తడిబట్టలు ఆరేందుకు పొడి కొట్టమైనా చూపించలేదు, గోర్గోనా జనాన్ని మీకేం కావాలనీ అనలేదు. ఇప్పుడు అడగాల్సిన మనుషులు కళ్ళెదుటే ఉన్నారు, వాళ్ళ ఊళ్ళు ఇంకా నీట మునగలేదు, వాళ్ళు గొంతెత్తి మాట్లాడుతున్నారు. వాళ్ళ మాట పూర్తిగా వినాలి. వాళ్ళు వద్దంటే వేరే దారి వెతకాలి. సరేనంటే వాళ్ళడిగిన నేలను, వాళ్ళు కోరిన పద్ధతిలో ముందే ఇచ్చి, ఆ తరువాతే మొదటి రాయి వెయ్యాలి. దానికి ఎన్నేళ్ళు పట్టినా ఓడలు ఆగాల్సిందే. కేప్ హార్న్ చుట్టూ నెలల తరబడి తిరిగిన లోకం, రెండు వేల మంది మాట వినేదాకా ఆగలేదా?